తీతువు గుడ్ల దగ్గర నా ఫొటోగ్రఫీ

సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నవాడికి లోకం మీద హక్కులు వస్తాయి. నాకూ వచ్చాయి. ఫోన్‌లో వీడియోలు చూసి మూడు సూత్రాలు పట్టుకున్నాను. జీవిని బొమ్మ మధ్యలో పెట్టకుండా అది చూసే వైపు ఖాళీ వదలాలి. ఫోకస్ కంటి మీదే ఉండాలి. దాని ఎత్తుకు మనం దిగాలి. ఈ జ్ఞానంతో మా ప్రహరీ మీది తొండను నెలరోజులు వేధించాను.

మా ఆవిడ చూసీ చూసీ అంది: "ఇంట్లో మనుషుల్ని ఎప్పుడన్నా ఇంతసేపు చూసినావా?"

ఫోకస్ చెదురుతుందని తల కూడా తిప్పలేదు.

తొలకరి పడింది. మా వజ్రకరూరు బయట బీడు చేలో తీతువు గుడ్లు పెట్టింది. గూడూ గీడూ లేదు. నాలుగు గుడ్లు, అవీ రాళ్ల రంగే. ఈ పిట్ట అరిస్తే కీడని మావాళ్ల నమ్మకం. పిట్టను అడిగితే మనిషి కనబడటమే కీడంటుంది. నా లెన్సు పేదది, దూరం నుంచి పనిచేయదు. అందుకని ఎర్రమట్టిలో బోర్లా పడుకుని, మోచేతులతో పాక్కుంటూ పోయాను. పిట్ట నెత్తిమీద తిరుగుతూ తిట్టినంతసేపు తిట్టి, చివరికి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. కన్ను స్పష్టంగా పడింది. గంటసేపు కదలలేదు నేను.

తొలకరి పడగానే మా చేలలో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఇదొక్కటీ మరిచిపోయాను. అట్లాంటి చోట ఒక మనిషి బోర్లా పడుకుని నేలనే చూస్తుంటే ఎవరేమనుకుంటారు?

"ఏమప్పా, దొరికిందా?"

తలెత్తితే యాడికి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన వెనక ముప్పైమంది. పిట్ట లేచిపోయింది.

"వజ్రం కాదన్నా, పిట్ట గుడ్లు ఉండాయి ఈడ. తొక్కాకండి."

"గుడ్లకు ఎవుడన్నా ఇంతసేపు పడుకుంటాడా? దాచిపెట్టొద్దప్పా, మేమూ చూస్తాం."

కాళ్లు దగ్గరికొస్తున్నాయి. గుడ్లు పోతాయని నాకు నిజంగానే భయం వేసింది. నిజం పనిచేయలేదు కాబట్టి అబద్ధం తీశాను.

"దొరికింది ఈడ కాదన్నా. ఆడ, ఆ గట్టు అవతల చేన్లో. పొద్దున్నే."

వెంటనే నమ్మారు. అందరూ అటు పరిగెత్తారు. నా తెలివికి నేనే మురిసిపోయి మళ్లీ పడుకున్నాను. పిట్ట కూడా తిరిగొచ్చింది.

అప్పుడు గట్టు అవతల ఇంకో తీతువు అరవడం మొదలుపెట్టింది. ఆపడం లేదు. నేను లేచి పరిగెత్తాను. వెళ్లేసరికి చేనంతా అడుగులే. పిట్ట అరవడం మానేసి ఒకచోట నిలబడి నేలను చూస్తోంది. పెద్దాయన చెప్పు అంచున పచ్చసొన అంటుకుని ఉంది.

"ఈడ రాళ్లు తప్ప ఏం లేవే. సరిగ్గా యాడ దొరికిందప్పా?"

సిగ్గేసింది. "ఏమీ దొరకలేదన్నా, నేనే అబద్ధం చెప్పినా" అన్నాను.

ఆయన నావైపు అనుమానంగా చూసి, మళ్లీ వంగి వెతకసాగాడు.