నడిమి పేజీ

ఆదోని పత్తి మండీలో ఇంద్రసేనయ్య ఏ మూటకైనా నడిమి నుంచి చిటికెడు దూది లాగి, వేళ్ల మధ్య సాగదీసి ధర చెప్పేవాడు. లైబ్రరీ పుస్తకాలకూ అదే పరీక్ష. నడిమి పేజీ చదివితే చాలు. సినిమా చరిత్ర పుస్తకాన్ని "గింజెక్కువ, దూది తక్కువ" అని తిరిగిచ్చేశాడు. తర్వాత కొండలెక్కేవాళ్ల పుస్తకం తెచ్చి భార్య నాగరత్నమ్మకు వినిపించాడు. ఆమె విరిగిన కాలు అతుక్కుని నెలైనా, పడతానన్న భయంతో మంచం దిగడం లేదు. చేతికర్ర గోడకు ఆనించింది ఆనించినట్టే ఉంది. నడిమి పేజీలో, మంచుకు పాదాలు మొద్దుబారినవాడొకడు ఒంటరిగా కొండ దిగుతున్నాడు.

"సరుకు మంచిదే" అంటూ ఆయన పుస్తకం మూయబోయాడు.

"మూయొద్దండీ. ఆయప్ప ఊరు చేరినాడా లేదా?"

మొదటిసారిగా ఆయన ఒక పుస్తకం చివరిదాకా చదివాడు. ఆఖరి పేజీలో, ఆ కొండ దిగేవాడు ఊరి అంచున గొర్రెలకాపరి గుడిసె తలుపు తట్టాడు.

నాగరత్నమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "బుక్కు బాగుండాది. ఆ చేతికట్టె ఇట్లియ్యండి."