వాగులో మందు

ఎండాకాలం వాగు సన్నబడ్డాక చెట్టు బెరడు దంచి, మడుగులో కలిపి చేపలు పట్టడం మా ఆవపల్లి వైపు పాత అలవాటు. ఈసారి మా మామ మిరప చేలో మిగిలిన పురుగుమందు తెచ్చి ఒంపాడు.

"బెరడు ఎవలు దంచుతరు బిడ్డా, ఇదైతే జల్ది పనిజేస్తది" అన్నాడు.

చేపలు తెల్లటి పొట్టలు తేలేసి, గిలగిలా కొట్టుకుంటూనే ఉన్నాయి. నేను బడిలో సైన్సు చెబుతాను. నరం నుంచి కండకు కబురు మోసేది ఒక రసాయనం. కబురు అందగానే దాన్ని తుడిచేసేది ఇంకొకటి. ఈ మందు ఆ తుడిచేదాన్ని పనిచేయనివ్వదు. 'బిగుసుకో' అన్న కబురు ఇక ఆగదు. ఇదంతా చెప్పి, చేపల్ని పారబొయ్యమని మొత్తుకున్నాను.

"కడిగితే పోతది" అన్నాడు మామ, మొప్పలు పీకుతూ.

మందు కంపు కొట్టే ఆ చేతులతోనే కూర పొయ్యి మీద పెట్టాడు. ఆ కూర ముట్టనని చెప్పాను. అంతలో చింతపులుసు ఉడికిన వాసన వచ్చింది, నా నోట్లో నీళ్ళూరాయి. వాటిని ఊరించే కబురు మోసేదీ, మందు తుడవనివ్వని ఆ రసాయనమే. వాకిట్లోకి పోయి ఉమ్మేశాను. మళ్ళీ ఊరాయి.