పేరు అడిగేదానికి సముద్రం దాకా

మా మేనత్త పోయిన ఆదివారం పొద్దున ఆదోని ఆసుపత్రిలో కన్నుమూసింది. జిన్నింగు మిల్లులో ఏండ్ల తరబడి పీల్చిన పత్తి దుమ్ము చివరికి ఆమె ఊపిరి తీసింది. మర్నాడు సాయంత్రం సమాధుల తోటలో అందరమూ తలా పిడికెడు మన్ను వేసినాము. ఒక మనిషిని మాత్రం నేను గేటు దగ్గరే ఆపినాను. ఆయన అత్త మొగుడు. వరసకు నాకు మామ. ఆ పిలుపు నా నోట రాదు.

"ఒక్క పిడికెడు మన్నే గదమ్మా," అన్నాడు.

"ఆ పిడికెడే వద్దనింది అత్త," అన్నాను.

పాస్టరుగారు వచ్చి క్షమాపణ గురించి మెల్లగా చెప్పబోయినారు. అత్త ఉంటే ఏమనేదో నేనూ అదే అన్నాను: "క్షమించేది దేవుని పని అయ్యగారూ, దాంట్లో మనమెందుకు వేలు పెట్టేది?"

ఆయనకు చావుకబురు అందేట్టు చేసింది నేనే. రావాలని కాదు, వస్తే ఆపాలని. దానికి నాకేమీ బాధ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే నిరుడు తుఫాన్ల కాలంలో మేము సముద్రానికి పోయొచ్చిన సంగతి చెప్పాలి.

అత్త మిల్లు నుంచి వస్తే నేరుగా ఇంట్లోకి అడుగు పెట్టేది కాదు. వాకిట్లో నిలబడి కొంగు దులుపుకుని, జుట్టులో చిక్కుకున్న దూది ఒక్కొక్కటే ఏరేసుకున్నాకే లోపలికి. నేను కూడా ఆ వాకిట్లోనే పెరిగినాను. మా అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. ఎవరైనా "పాత సంగతులు మరిచిపోరాదా" అంటే, "మరుపు సోమరోళ్ళకు, నాకు పనుంది" అనేది.

మొగుడు రొయ్యల చెరువుల్లో పనికని కోస్తాకు పోయి మళ్ళీ రాలేదు. అక్కడే ఇంకో పెండ్లి చేసుకున్నాడు. ఆయన ఊరొదిలి పోయేనాటికి అత్త కన్న పాప పాలు తాగే బిడ్డ. మూడేండ్లప్పుడు జ్వరమొచ్చి చచ్చిపోయింది. కబురు పంపితే రాలేదు. ఆ రోజే ఆయన సచ్చిపోయినాడని ఊర్లో చెప్పేసి గాజులు తీసేసింది అత్త. "బిడ్డ మన్నుకు రానోడు నా మన్నుకు రాగూడదు," అని నాతో చాలాసార్లు అనింది.

పెండ్లయినాక మాది ఎమ్మిగనూరు. మా ఆయన పాత టెంపో ఒకటి కొని, లోపల పరుపు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు బిగించి క్యాంపర్ వ్యాను చేసినాడు, బాడిగకు తిప్పుదామని. మొదటిసారి మనమే పోదామని అత్తను పిలిచినాను. ఆమె బండి చుట్టూ తిరిగి చూసింది.

"ఇంటికి చక్రాలేందే? మొగుడు పారిపోయింది సాలదా, ఇల్లు గూడా పారిపోవాలా?"

అంటానే జొన్నరొట్టెలు, శెనిగ్గింజల పొడి మూటగట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

నంద్యాల దాటేదాకా ఎండ మాడ్చింది. నల్లమల ఘాట్లో మబ్బు పట్టింది. ఒంగోలు దగ్గర సముద్రం కనపడేసరికి ఉరుములు, వాన. కాసేపటికే మళ్ళీ ఎండ.

"ఈ పక్క వానకు మాట మీద నిలబడేది తెలీదే," అనింది అత్త. "ఈ నీళ్ళు తాగేవాళ్ళు గూడా అంతే."

మర్నాడు చీరాల దాటినాక సముద్రం పక్క రోడ్డు మీద ఒక పల్లె వచ్చింది. "అల్లుడా, ఈడ ఆపప్పా. టీ తాగుదాం," అనింది. ఆ అంగడి జాడ మిల్లులో తోటి కూలామె అత్తకు ముందే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది.

తాటాకు పాక. టీ కాస్తా ఒక ముసలాయన, పక్కన గ్లాసులు కడుగుతా పాతికేండ్ల కొడుకు. మేము బల్ల మీద కూర్చుంటానే వాన అందుకుంది.

"ఏ ఊరండీ మీది?" అన్నాడు ముసలాయన, అత్త చేతికి గ్లాసు ఇస్తా. గుర్తు పట్టలేదు.

"ఆదోని."

ఇంకో గ్లాసులో టీ పోస్తున్న చెయ్యి ఆగింది. "ఆదోనిలో యాడ?" ఆ ఒక్క మాటతో ఆయన పాత యాస బయటికొచ్చేసింది.

"నా మొగుడు సచ్చిపోయినాడని ఊరంతా సెప్పుకున్నా. నిజమో కాదో సూసి పోదామని వచ్చినా." అత్త గ్లాసు పక్కన పెట్టింది. "మన బిడ్డ పేరేందో సెప్పు. సెప్తే ఈ వానలోనే లేసి పోతా."

కొడుకు కడగడం ఆపి చూస్తున్నాడు.

"నాన్నా, ఎవరీవిడ? ఏ బిడ్డ?"

ఆయన పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించినాడు. పేరు రాలేదు.

అత్త అరవలేదు, తిట్టలేదు. వాన నిలిచేదాకా ఆయన మొహం చూస్తా కూర్చుంది. అబద్ధమెందుకు, ఆయన నలిగిపోతుంటే నాకు కడుపు చల్లబడింది.

మేము బండి ఎక్కుతుంటే కొడుకు బురదలో పరిగెత్తుకొచ్చినాడు. "అమ్మా, నాకు అక్క ఉండేదాండి? ఆమె పేరేంటండి?"

అత్త అతని తల మీద చెయ్యి పెట్టింది. "మంచి పిల్లోనివి నాయనా. మీ నాయన్ని అడుగు. గుర్తొచ్చేదాకా దినామూ అడుగుతానే ఉండు."

అతను మా ఆయన నంబరు తీసుకున్నాడు. తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఇంకా చెప్పలేదండి," అనేవాడు. అత్త ఆ మాట విని తల ఊపి, అన్నం కలుపుకునేది.

టీ అంగడి నుంచి బయల్దేరిన ఆ సాయంత్రం ఒడ్డునే బండి నిలిపినాము. అత్త అడిగి మరీ రొట్టె పెట్టించుకుని తినింది. అందరికంటే ముందు నిద్రపోయింది.

పొద్దున లేచి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి మాత్రం దంచి కొడుతోంది. అత్త వానకు తడిసిన చీర ఒక కొస బండి తలుపుకు కట్టి, ఇంకో కొస చేత్తో పట్టుకుని ఆరబెడుతోంది. గాలి లాగినప్పుడు ఇసుకలో జారి ముందుకు పోతుంది, మడమలు తన్నిపెట్టి మళ్ళీ వెనక్కి గుంజుకుంటుంది. సాయం పడదామని దిగినాను.

"నువ్వు రావాకు," అనింది నవ్వుతా. "నేనే పట్టుకుంటా."

చీర ఆమె తలకంటే ఎత్తుకు లేచి టపటపా కొట్టుకుంటోంది. నెరిసిన జుట్టు మొహం నిండా పడుతున్నా తోసుకోకుండా, రెండు చేతులా అంచు బిగించి పట్టుకుని, అత్త ఆ గాలిలో నిలబడి ఉంది.