శుక్రవారం నాటి పసుపు

డాక్టర్ లక్ష్మీపతి ముప్పై ఏళ్లుగా ప్రొద్దుటూరులో శస్త్రవైద్యుడు. వీరపునాయునిపల్లె బడిపంతులు కొడుకు. రోగిని ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకోవడం ఆయన అలవాటు. చల్లని చేయి తగిలితే కడుపు బిగుసుకుంటుందనీ, బిగుసుకున్న కడుపు నిజం చెప్పదనీ ఆయన నమ్మకం.

అటువంటి మనిషి చేతులను కరోనా కట్టివేసింది. పట్టణం రెడ్ జోన్ అయింది; వీధులకు అడ్డంగా కట్టెలు కట్టారు. రోగులను ఫోన్‌లోనే చూడవలసి వచ్చింది. ఆ విధానాన్ని గురించి మధ్యాహ్నం పూట హైదరాబాదు నిపుణులు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారు. అరవై రెండేళ్ల లక్ష్మీపతి నోటుపుస్తకం ముందు పెట్టుకొని, తొలి ఏడాది విద్యార్థివలె శ్రద్ధగా వ్రాసుకొనేవాడు. తెరమీది రంగును నమ్మరాదన్న మాటను ఎర్రసిరాతో వ్రాసి, దాని కింద గీత కూడా గీశాడు. గీత గీసినంత మాత్రాన మాట మనసులో నిలుస్తుందా?

జమ్మలమడుగులో గుడ్డల అంగడి నడిపే సుబ్బన్న భార్య కామాక్షమ్మకు, లాక్‌డౌన్‌కు వారం ముందు ఆయనే పిత్తాశయంలోని రాళ్లకు ఆపరేషన్ చేశాడు. ఐదోనాడు ఆమె కులాసాగా ఇంటికి వెళ్లింది. రెండు వారాలు తిరిగేసరికి అన్నం సయించడం లేదని సుబ్బన్న ఫోన్ చేయగా, నర్సు ఫరహత్ వీడియో కలిపి డాక్టరు ముందు నిలబెట్టింది. ఆనాడు శుక్రవారం.

శుక్రవారమంటే అక్కడి కోమట్ల ఇళ్లలో తలంట్లు, గడపకు పసుపు, ముత్తైదువ ముఖానికి పసుపు. ఆ ఆచారం ఏనాడు మొదలైందో ఎవరు చెప్పగలరు గాని, పసుపులేని ముఖంతో ఆ రోజు పరాయివారి కంటబడడం ఇల్లాలికి నామర్దా.

తెరమీద పచ్చని ముఖం కనిపించింది. కుట్లు చూపించమన్నాడు, మానాయి. జ్వరమా అంటే లేదంది. మందుల వల్ల వచ్చిన నీరసమనుకొని, ఆమెను నవ్వించాలని ఒక మాట అన్నాడు.

"శుక్రవారమని పసుపు బాగా దట్టించినావే అమ్మా. ఇంక నీకు కాయిలా యాడిది?"

కామాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపింది. ఆయన బలానికి మందు వ్రాసి పంపాడు.

మంగళవారం మళ్లీ ఫోన్ వచ్చింది. ఆమెకు చలి, వణుకు. మాట పొంతన తప్పింది. పాసు కోసం ఒక పూట, బండి కోసం ఒక పూట గడిచి, ప్రొద్దుటూరు చేరేసరికి సాయంత్రమైంది. లక్ష్మీపతి ఆమెను కిటికీ దగ్గర పడుకోబెట్టించి కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. తెల్లగుడ్డు చిక్కని పసుపురంగులో ఉంది. శుక్రవారం ఆమె ముఖానికి పూసుకున్నది పసుపు కాదా అని సుబ్బన్నను అడిగాడు.

"పసుపు యాడిది సారూ? అన్నం సయించనికాడ్నుంచి మంచం దిగితేనే కదా. శుక్రవారం పూట బోసిమొగంతో ఉండానని డాక్టరుకు ఎట్ల చెప్పేదని తలూపేసింది. ఫోను పెట్టేసినాక నాకు చెప్పి నవ్వింది కూడా."

మిగిలిపోయిన రాయి ఒకటి పిత్తం దారికి అడ్డుపడింది. కామెర్లు ముదిరి, విషం నెత్తుటిలోకి ఎక్కింది. నాలుగు రోజుల ముందైతే ఆ దారి తెరిపించే వీలుండేది. తిరుపతికి బయలుదేరిన అంబులెన్సు కడప దాటకముందే ఆమె ప్రాణం పోయింది. ముత్తైదువగా పోయింది గనుక ముఖాన పసుపు పూసి, పదిమందైనా లేకుండా సాగనంపారు.

సుబ్బన్న నిందించలేదు. "మీరు చూసినారు కదా సారూ, అందుకే మేము దిగులు లేకుండా ఉంటిమి," అని మాత్రం ఫోన్‌లో అన్నాడు.

తరువాతి శుక్రవారం పులివెందుల నుంచి తిరుపాలమ్మ తెరమీదికి వచ్చింది. ఆమెకు ఫిబ్రవరిలో ఆయనే హెర్నియా ఆపరేషన్ చేశాడు. ముఖమంతా పసుపు. పలకరింపైనా లేకుండా, ముఖం కడుక్కొని వెలుతురులోకి రమ్మన్నాడు ఆయన.

"శుక్రవారం పొద్దు పసుపు కడుక్కోమంటాండారే, ఏం మాట సారూ అది? నా మొగుడు నిక్షేపంగా ఉండాడు."

"నాకోసరం కడుక్కో తల్లీ."

ఆమె ఫోన్ అక్కడే వదిలి లేచి వెళ్లింది. కడుక్కోవడానికి వెళ్లిందో, అలిగి వెళ్లిందో తెలియలేదు. తెరమీద పెచ్చులూడిన సున్నపు గోడ ఒకటే మిగిలింది. ఫోన్ పెట్టేయమంటారా అని ఫరహత్ అడిగింది. వద్దని సైగ చేసి, ఆయన ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు.