నాకు జావా వద్దన్న రోజు

ఎండాకాలం అమీర్‌పేటల ఫ్రీగ ఏసీ దొరికే జాగ ఒక్కటే, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల డెమో క్లాసు. నాకు జావా రాదు, నేర్చుకునే సోయి సుత లేకుండె. రిజిస్టర్ల నంబర్ రాసి, గంటసేపు సల్లగ కూసొని ఫోన్ సూస్కునేటోన్ని. గదే తప్పయింది. పొద్దంత గా సెంటర్లకెల్లి ఫోన్లే, కొత్త బ్యాచ్ అంట, డిస్కౌంట్ అంట. నాకసలే ముక్కు మీద కోపం, మస్తు తిట్టేటోన్ని.

గప్పుడే నేపాల్ల భూకంపమొచ్చింది. పంజగుట్టల మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది గాడనే, కొండల మీద ఊరు. పెండ్లాం, ఇద్దరు బిడ్డలు ఊర్లెనే ఉన్నరు. వారం ముందు ఆయన ఫోన్ సంపుల పడి ఖరాబైతే, ఇంటోళ్లకు నా నంబర్ ఇచ్చిండు. టీవీల కూలిన ఇండ్లు సూసినంక ఆయన అన్నం ముట్టలే. ఎన్నిసార్లు కలిపినా పెండ్లాం నంబర్ కలుస్తలేదు.

మూడో రోజు పొద్దుగాల గేటు కాడ ఆయన పక్కన కూసొని కలుపుతుంటే, నడుమల వేరే ఫోనొచ్చింది. ఆడమనిషి గొంతు. గరగర తప్ప ఏం సమజ్ కాలే. గీ టైముల గీ కోచింగోళ్లేందని మండింది నాకు.

"మేడమ్, నాకు జావా వద్దు. జావా లేదు గీవా లేదు, పెట్టేయ్," అని అరిచి కట్ చేసిన.

తర్వాత నంబర్ సూసిన. ముంగట తొమ్మిది ఏడు ఏడు ఉన్నది. నేపాల్ది. నా మొఖం సూసే ఆయనకు సమజైంది. తిడ్తడనుకున్న, తిట్టలే.

"గొంతు ఎట్లుండె, భయ్యా?" అన్నడు మెల్లగ.

"గట్టిగనే ఉండె," అన్న.

తిరిగి చేస్తే కలవలే. చాయ్ టైముకు అదే నంబర్ మోగింది. ఉరికి ఫోన్ ఆయన చేతుల పెట్టిన. మొదట ఏడ్చిండు, తర్వాత పడి పడి నవ్విండు. ఇల్లు కూలిందంట, అప్పుడు ముగ్గురు చేన్ల ఉన్నరంట. బర్రె సుత బతికింది. సిగ్నల్ కోసం ఎవరిదో ఫోన్ పట్టుకొని గుట్టెక్కితే, ఎవడో తిట్టిండని ఆమె బాధ. ఆడ సుత భూకంపమొచ్చిందా, గట్ల అరిచిండని అడిగిందంట.

అపార్ట్‌మెంటోళ్లం టార్పాలిన్లు కొనిచ్చి ఆయనను రైలెక్కించినం. వానలు పడ్డంక ఒకరోజు నా ఫోన్ మోగింది, నేపాల్ నంబర్. హలో అనకముందే అవతల ఆడగొంతు నవ్వి, వచ్చీరాని హిందీల అన్నది.

"జావా నహీ, భయ్యా. ఇంటికి రేకులేసినం."