చక్కెర తగిలితే పగిలిన స్ఫటికాలు

నేను కెనడాలో బర్నబీ కొండ మీది యూనివర్సిటీలో చేరిన ఏడు, పైకి వెళ్ళే బస్సులో ఇంగ్లీషు కంటే తెలుగే గట్టిగా వినిపించేది. మా బేస్‌మెంట్‌లో ఉన్న అయిదుగురమ్మాయిల్లో నలుగురివి బిజినెస్ డిప్లొమాలు. నేనొక్కదాన్నే మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా ఎంజైము వెంట పడ్డాను. చక్కెర గొలుసును పట్టుకుని తుంచడం దాని పని. దాని ఆకారం తెలియాలంటే ముందు దాన్ని స్ఫటికాలుగా పెంచి, వాటి మీదికి ఎక్స్‌రేలు పంపాలి. పెంచడానికే ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఒక రూమ్మేటు పెళ్ళి కూడా చేసేసుకుంది.

చివరికి మైక్రోస్కోపు కింద కలకండ పలుకుల్లాంటివి కనిపించాయి. మా అమ్మ కూడా నన్నెప్పుడూ అంత మురిపెంగా చూసి ఉండదు. ఎక్స్‌రేల్లో ఆకారం తేలింది: రెండు భాగాలు, మధ్యలో తెరిచిన నోరులాంటి సందు. ఇక చక్కెర పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో చూపించమన్నారు మా ప్రొఫెసరు.

స్ఫటికం ఉన్న చుక్కలో చక్కెర నీళ్ళు కలిపాను. నిమిషంలో గీతలు పడి ముక్కలైంది. రెండోదీ అంతే, పదోదీ అంతే. ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న గుంటూరు అక్క, చేతులు వణుకుతున్నాయేమో కాఫీ తగ్గించమంది. మానేశాను. స్ఫటికాలు పగులుతూనే ఉన్నాయి, అదనంగా నాకు తలనొప్పి వచ్చింది. ప్రొఫెసరు అడిగినప్పుడల్లా ఇంకా నానబెడుతున్నానని చెప్పి రెండు వారాలు తప్పించుకు తిరిగాను.

"అక్కా, మళ్ళ పగిలినయ్. నా చెయ్యే మంచిది కాదు," అన్నాను ఒక మధ్యాహ్నం.

చక్కెర లేకుండా అదే నీళ్ళు పోసి చూశావా అని అడిగింది. చూడలేదు. అంత చిన్న సంగతి తట్టనందుకు సిగ్గేసింది. పోసి చూస్తే ఒక్కటీ పగల్లేదు. ఎంజైముకు పట్టని వేరే చక్కెర పోసినా పగల్లేదు.

"నీ చేతిలో ఏం లేదే," అంది అక్క. "ఆ చక్కెర తగలగానే ఎంజైము కదులుతోంది. స్ఫటికం లోపల ఎంజైము అణువులు ఇరుకిరుగ్గా సర్దుకుని ఉన్నాయాయె. అన్నీ ఒక్కసారి కదిలితే పగలక ఏం చేస్తాయి? వెళ్ళి సార్‌కి చెప్పు."

చెప్పాను. సాక్సుల మీద చెప్పులేసుకునే ఆ పెద్దమనిషి మైక్రోస్కోపు ముందు కూర్చుని తనే ఒకటి పగలగొట్టారు. ముచ్చటేసి ఇంకొకటి. మిగిలినవి ఆ రెండేనని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చక్కెర ముందే కలిపి, ఆ తర్వాత స్ఫటికాలు పెంచమన్నారు.

ఈసారి పెరిగినవి ఊకపొట్టులా అనాకారిగా ఉన్నాయి. కానీ ఎక్స్‌రేలు పంపితే వాటిలోనే దొరికింది: ఒక భాగం తలుపులా తిరిగి, చక్కెర మీదికి మూసుకుపోయి ఉంది. తెరిచినదీ, మూసినదీ, రెండు బొమ్మలనూ స్క్రీన్ మీద మార్చి మార్చి చూపిస్తూ ఆ సాయంత్రమంతా అక్కకు వివరిస్తూనే ఉన్నాను.

"చాలా బాగా మూసుకుంది," అంది అక్క. "ఇక నువ్వు కూడా మూసుకుంటే నేను నా పని చేసుకుంటాను."