పుట్టుమచ్చల గడి

పోయిన రోజు పొద్దున నూకరాజు చేసిన ఆఖరి పని పక్కింటి చిన్నతల్లి పాస్ దరఖాస్తు నింపడం. ఆవిడ రాసి తెచ్చినదాన్ని చూసి, "ఇది దరఖాస్తేటి? కోడి గీకినట్టుంది," అని పక్కన పడేసి, కొత్త కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్ళీ రాశాడు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. టీ అడిగాడు. టీ వచ్చేలోగా తార్‌బహార్ పేటలోని తన ఇంటి వరండాలో, కుర్చీలోనే పోయాడు. ఏడుపుల మధ్య ఎవరో ఆ దరఖాస్తును నలగకుండా తీసి బీరువా మీద పెట్టారు. తాత చూసి ఉంటే మెచ్చుకునేది ఆ ఒక్క పనినే అనుకుంది మనవరాలు ప్రత్యూష.

నూకరాజు రైల్వేలో పాసుల సెక్షన్ గుమాస్తా. ముప్ఫై ఎనిమిదేళ్ళు దరఖాస్తులు చూసి చూసి, ఆయన దృష్టిలో మనిషంటే పేరు, తండ్రి పేరు, రెండు పుట్టుమచ్చలు. మిగతాదంతా ఊహాగానం. పెళ్ళిచూపులకు వెళ్ళినా ముందు ఆ రెండూ ఎక్కడున్నాయో వెతికేవాడని ఇంట్లో వేళాకోళం.

ప్రత్యూషను అయిదో ఏట అక్కడి హిందీ బడిలో వేసినప్పుడు ఫారం నింపింది ఆయనే. మిగతా పిల్లల ఫారాల్లో పుట్టుమచ్చల గడిలో ఒక్కో మాట ఉంటే, మనవరాలి గడిలో హిందీలో రెండు లైన్లు పట్టించాడు: 'పై పెదవి మీద కుడివైపున, మిరియం గింజంత, నల్లటి పుట్టుమచ్చ, ఉబ్బెత్తుగా.'

తొమ్మిదో తరగతిలో బోర్డు పరీక్షకు పేర్లు పంపేటప్పుడు, వివరాలు సరిచూసుకోమని టీచరు ఆ ఫారాలన్నీ క్లాసులో పైకి చదివింది. 'కాలీ మిర్చ్' అన్న మిరియం మాట దగ్గర ఒకడు కిసుక్కుమన్నాడు. అప్పటిదాకా ఆ మచ్చను అద్దంలో ఒక్కతే చూసుకునేది ప్రత్యూష. ఆ రోజు నుంచి నలభై ముగ్గురు చూశారు. రీసెస్ గంట కొట్టేసరికి ఆమె పేరు మక్ఖీ అయింది. మర్నాడు ఒకమ్మాయి ఆమె ముందు పుస్తకంతో ఈగను తోలినట్టు తోలింది.

ప్రత్యూష మాస్కు పెట్టుకోవడం మొదలుపెట్టింది. మాస్కు తియ్యాల్సి వస్తుందని బడిలో అన్నం తినడం మానేసింది. ఎనిమిది రోజులు డబ్బా వెళ్ళినట్టే వెనక్కి వచ్చాక అమ్మ నిలదీసింది. విషయం బయటపడింది.

"ఎవుడే ఆ మక్ఖీ అన్నోడు? పేరు, తండ్రి పేరు చెప్పు," అన్నాడు నూకరాజు.

"నువ్వు రాసిందే చదివారు తాతా! మిరియం గింజంత అని ఎవరు రాయమన్నారు నిన్ను?"

"కొలతయితే తప్పు కాదు కదే," అన్నాడు.

"నాకిది తీయించెయ్యి. బస్, అంతే. లేకపోతే స్కూల్‌కి వెళ్ళను."

"రికార్డులో ఉన్నదాన్ని ఎలా తీయిస్తామే? రేపు పరీక్ష హాల్లో నువ్వు నువ్వేనని ఎవుడు ఒప్పుకుంటాడు?"

"ఆధార్ ఉంది కదా! పెదవి మీది తిల్ ఎవడు చూస్తాడు యార్!"

"తాతని యార్ అంటావేటే?" అంది అమ్మ. అంతలోనే తండ్రి వైపు తిరిగి, "ఆడపిల్ల మొహమ్మీద కత్తి పెట్టిస్తావేటి నాన్నా? వద్దు," అంది.

నూకరాజు ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాడు. "మొహం సంగతి తర్వాత. ముందు కాగితం."

బడి ఫారంలో గడి ఒకటే; బోర్డుకు వెళ్ళే కాగితం మారాలంటే కొత్త గుర్తులు రెండు కావాలి. భూతద్దం పట్టుకుని మనవరాలి మోచేతులు, మోకాళ్ళు, మెడ వెతికాడు. సైకిలు మీంచి పడ్డ దెబ్బ ఒకటి మోకాలి కింద దొరికింది. రెండోది ఎంతకీ దొరకలేదు.

"ఇంత వయసొచ్చింది, ఇంకో దెబ్బ సరిగ్గా తగిలించుకోలేకపోయావేటే?" అని విసుక్కున్నాడు.

ఒక్క గుర్తుతోనే దరఖాస్తు రాసి బడికి పట్టుకెళ్ళాడు. "ఛోడియే అంకుల్‌జీ, ఇవన్నీ ఎవరూ చూడరు," అన్నాడు ప్రిన్సిపాలు నవ్వుతూ. తన ఉద్యోగమంతా ఎవరూ చూడనిదాన్ని చూడడంలోనే గడిచిందని నూకరాజు ఆయనకు చెప్పలేదు. ముట్టినట్టు ముద్ర వేయించుకునే దాకా కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత నాలుగు రోజులు ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఫైలు అటకెక్కిందనుకుంది ప్రత్యూష. గురువారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "పదవే గుంటా," అన్నాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబడింది కానీ అడ్డం రాలేదు. తెలిపారా వీధిలో చర్మం డాక్టరు లెన్సు పెట్టి చూసి, భయపడాల్సిందేమీ లేదని చెప్పి, పావుగంటలో తీసేశాడు.

మచ్చ పోయిన చోట సన్నని గాటు మిగిలింది. అద్దంలో దాన్ని చూసి ప్రత్యూష ఏడుపు మొహం పెట్టింది. నూకరాజు మాత్రం నెలరోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"ఏడుస్తావేటే పిచ్చిదానా, రెండో గుర్తు దొరికింది!" అని ఆ మధ్యాహ్నమే ఇంకో దరఖాస్తు రాశాడు.

క్లాసులో రెండు రోజులు "మక్ఖీ ఉడ్ గయీ!" అని, ఈగ ఎగిరిపోయిందని చప్పట్లు కొట్టారు. మూడో రోజు ఎవడో ప్యాంటు చిరిగి రావడంతో అందరూ వాడి మీద పడ్డారు. ప్రత్యూష మాస్కు తీసి డబ్బా మొత్తం తింది. తన కష్టం తీరింది డాక్టరు చేతి చలవ వల్లేనని, తాత వల్ల నాలుగు రోజులు ఆలస్యమైందని స్నేహితులతో చెప్పింది. చాలా ఏళ్ళు అలాగే చెప్పింది.

తాత పోయిన నెలకు మొటిమల మందు కోసం అదే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చీటీలు రాసే దిలీప్ ఆమెను గుర్తుపట్టి, అప్పుడు వెంట వచ్చిన బాబూజీ ఎలా ఉన్నారని అడిగాడు. పోయారని చెప్పింది. అతను కలం కింద పెట్టాడు.

ప్రత్యూష మచ్చ తీసిన వారం, సోమవారమే ఆయన ఒక్కడే వచ్చాడట. తన వీపు మీది పుట్టుమచ్చ చూపించి, ముందు ఇది తియ్యండి, ఎంత నొప్పో చూసుకుని పిల్లని తెస్తాను, అన్నాడట. మంట ఏ పూట ఎంతుందో, ఎప్పటికి తగ్గిందో మూడు రోజులూ ఒక కాగితం మీద రాసుకుని, గురువారం మనవరాలిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి ఆ కాగితం డాక్టరు చేతికిచ్చాడట.